చివరి స్క్రూ బిగించాక మొదలయ్యే పని



ఈ రోజు ప్రసంగం ఒక కారు గురించి. దాని బరువు కిలోన్నర. పొడవు మూరకు తక్కువ, వెడల్పు జానకు కొంచెం ఎక్కువ. పందెం నిబంధనలు ఇంకా కచ్చితంగా చెబుతాయి: వెడల్పు 250 మిల్లీమీటర్లు దాటకూడదు. అంత చిన్న బండి మట్టి ట్రాకు మీద గంటకు 50, 60 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మోకాలెత్తు దిబ్బ ఎక్కి గాల్లోకి లేస్తుంది. అవతలి దిబ్బ వాలు మీద దిగుతుంది, దిగిన మరుక్షణం మలుపు తిరుగుతుంది. నడిపే మనిషి ట్రాకు పక్కన ఎత్తైన వేదిక మీద నిలబడి ఉంటాడు. అతనికీ బండికీ మధ్య ఉన్నది రేడియో తరంగం ఒక్కటే.

దీని పేరు రేడియో కంట్రోల్ ఆఫ్‌రోడ్ బగ్గీ. అసలు బండిలో పదో వంతు కాబట్టి వన్-టెన్త్ స్కేల్ అంటారు. కొందరు ఉత్సాహవంతులు వేగాన్ని కూడా పదితో గుణించి, ఇది పెద్ద కారైతే గంటకు 600 కిలోమీటర్లు పోతున్నట్టే అని చెప్పుకుంటారు. అది ఒట్టి గొప్ప. బండి చిన్నదైందని గురుత్వాకర్షణ పదో వంతుకు తగ్గదు, మట్టి పెళ్ల కూడా చిన్నదైపోదు. పెద్ద కారు టైరు కింద పడితే తెలియను కూడా తెలియని గులకరాయి ఈ బండిని పల్టీ కొట్టిస్తుంది. దీన్ని సరిచేసుకోవడంలో ఉన్న చిక్కంతా ఆ తేడాలోంచే వస్తుంది.

బొమ్మల దుకాణంలో దొరికే రిమోట్ కారుకు ఇది దూరపు చుట్టం మాత్రమే. పందెపు బగ్గీ పెట్టె విప్పితే కారు కనిపించదు. అక్షరాలు వేసిన ప్లాస్టిక్ సంచులు కనిపిస్తాయి. ఒక దానిలో గేరుబాక్సు ముక్కలు, ఒక దానిలో షాక్ అబ్జార్బర్లు, ఒక దానిలో స్టీరింగు భాగాలు. మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్, స్టీరింగు తిప్పే సర్వో, బ్యాటరీ, ట్రాన్స్‌మిటర్ – ఇవేవీ అందులో ఉండవు, విడిగా కొనుక్కోవాలి. చాలా కిట్లలో టైర్లు కూడా ఉండవు. వేలు పోసి కొన్న కారుకు టైర్లు లేవేమిటని కొత్తవాళ్లు కంగారు పడతారు. కారణం ఉంది. ఏ ట్రాకు మీద పరుగెత్తబోతోందో తెలియకుండా టైరు ఇవ్వడం తయారీదారుకు సాధ్యం కాదు.

కిట్టు కట్టడం రెండు మూడు సాయంత్రాల పని. దాన్ని ట్రాకుకు తగ్గట్టు సరిచేయడానికి, అంటే సెటప్ చేయడానికి, అంతు లేదు. కొత్తగా దిగినవాళ్లు డబ్బంతా మోటారు మీద పోస్తారు. గెలుపు మాత్రం టైరు మీద, షాకుల్లో పోసిన నూనె మీద ఆధారపడి ఉంటుంది.

ముందు కొంచెం చరిత్ర. రేడియోతో బండి నడపడం రేడియో ప్రసారాలకన్నా పాత విద్య. 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో నికోలా టెస్లా నీటి తొట్టిలో చిన్న పడవను తీగ ఏదీ లేకుండా నడిపి చూపించాడు. ఆ నవంబరులోనే దానికి పేటెంటు వచ్చింది. మాటనూ పాటనూ ప్రసారం చేసే రేడియో స్టేషన్లు రావడానికి అప్పటికింకా ఇరవై ఏళ్ల పైమాటే ఉంది.

కార్ల సంగతికి వస్తే, జపాన్‌లోని షిజువోకా నగరానికి చెందిన తమియా కంపెనీ 1976లో పోర్షే 934 నమూనాను రేడియో కారుగా తెచ్చింది. అది నున్నటి నేల మీద పోయేది. మట్టిలోకి దిగింది 1979లో, శాండ్ స్కార్చర్, రఫ్ రైడర్ అనే రెండు బండ్లతో. ఫోక్స్‌వాగన్ బీటిల్ సస్పెన్షన్‌ను లోహంలో అచ్చంగా దింపేశారు. చూడ్డానికి ముచ్చటే, కాని బరువెక్కువ. 1982లో క్యోషో కంపెనీ స్కార్పియన్ వచ్చింది. 1984లో తమియావే గ్రాస్‌హాపర్, హార్నెట్ వచ్చాయి. చవకగా, మొండిగా ఉండే ఆ రెండూ చాలా దేశాల్లో ఒక తరం పిల్లలకు మొదటి రేడియో కార్లు. ఇరవై ఏళ్ల తర్వాత తమియా వాటిని మళ్లీ అచ్చు పోసి అమ్మితే, అప్పటికి తండ్రులైన ఆ పిల్లలే కొనుక్కున్నారు.

ఆ 1984లోనే కాలిఫోర్నియాలోని కోస్టా మెసా నుంచి ఇంకో బండి వచ్చింది. టీమ్ అసోసియేటెడ్ కంపెనీ ఆర్‌సీ10. రూపకర్త రోజర్ కర్టిస్. అప్పటిదాకా వచ్చినవాటిలో చాలా భాగం ఏదో ఒక అసలు కారును చూసి చేసిన నమూనాలు. ఆర్‌సీ10 దేన్నీ చూసి చేసింది కాదు, పందెం కోసమే పుట్టింది. బంగారు రంగు పూత పూసిన అల్యూమినియం ఛాసీ, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్, నూనె నింపిన పొడుగాటి షాకులు. మరుసటి ఏడు, 1985లో, కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో వన్-టెన్త్ ఆఫ్‌రోడ్ మొదటి ప్రపంచ పోటీలు జరిగితే, టూ వీల్ డ్రైవ్ విభాగంలో జే హాల్సీ గెలిచింది ఆ కారుతోనే. రెండేళ్లకు ఇంగ్లండ్‌లోని రామ్సీలో జరిగిన పోటీల్లో టూ వీల్ డ్రైవ్ కిరీటం క్యోషో అల్టిమా నడిపిన జోయెల్ జాన్సన్‌కు దక్కింది. ఫోర్ వీల్ డ్రైవ్‌లో గెలిచినవాడు పదిహేడేళ్ల జపాన్ కుర్రాడు మసామి హిరోసాకా. ఈ రంగంలో పద్నాలుగు ప్రపంచ టైటిళ్ల మనిషి అతను. ఆ రోజు అతను నడిపింది మాత్రం బ్రిటిష్ బండి, షూమాకర్ క్యాట్.

ఆ షూమాకర్‌కూ జర్మనీ ఫార్ములా వన్ వీరుడికీ సంబంధం లేదు. ఈయన సీసిల్ షూమాకర్. కాస్‌వర్త్ కంపెనీలో పనిచేసిన ఇంజినీరు. 1980 ప్రాంతంలో ఆయన చిన్న కార్ల కోసం రూపొందించిన బాల్ డిఫరెన్షియల్ తర్వాత దాదాపు అన్ని కంపెనీల బండ్లలోకీ చేరింది. కిట్టు కట్టేటప్పుడు మొదటి సంచిలో సాధారణంగా ఎదురయ్యేది డిఫరెన్షియలే కనుక, కథ అక్కడి నుంచి బల్ల మీదకు తెచ్చుకుందాం.

మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రంకన్నా ఎక్కువ దూరం పోవాలి. రెండింటినీ ఒకే ఇరుసుకు బిగించేస్తే ఒకటి జారక తప్పదు. అందుకే మధ్యలో డిఫరెన్షియల్. షూమాకర్ పద్ధతిలో ఒక గేరుకు చుట్టూ రంధ్రాలుంటాయి, వాటిలో చిన్న చిన్న గుండ్లు కూర్చుంటాయి. అటొకటి ఇటొకటి ఉక్కు రింగులు ఆ గుండ్లను నొక్కి పట్టి ఉంచుతాయి. బండి తిన్నగా పోతున్నప్పుడు అంతా కలిసి తిరుగుతుంది. మలుపు వస్తే గుండ్లు తమ చోటే దొర్లి, రెండు చక్రాల మధ్య తేడాను సర్దుతాయి. మధ్యలో ఉన్న ఒకే ఒక్క స్క్రూ ఎంత బిగించారన్న దాని మీదే అంతా నడుస్తుంది. వదులైతే గుండ్లు రింగుల మీద జారి, గీతలు పడి, ఆ వేడికి గేరు కరుగుతుంది. మరీ బిగిస్తే చెయ్యి పెట్టి తిప్పినప్పుడే గరగరమంటుంది.

ఇప్పటి కిట్లలో చాలావాటికి దీని బదులు చిన్న గేర్లున్న డిఫరెన్షియల్ వస్తోంది. అది మూత వేసిన డబ్బా. లోపల సిలికాన్ నూనె పోస్తారు. నూనె చిక్కదనానికి నంబర్లుంటాయి, కొలత సెంటీస్టోకుల్లో. టూ వీల్ డ్రైవ్ బండి వెనక డిఫరెన్షియల్‌లో మూడు వేల నుంచి పది వేల దాకా పోస్తుంటారు. చిక్కటి నూనె పోస్తే రెండు చక్రాలూ కలిసి తిరగాలని చూస్తాయి. మలుపు దాటాక ముందుకు తోపు బాగుంటుంది, మలుపులో మాత్రం బండి మొండికేస్తుంది. పలచటి నూనె పోస్తే ఇందుకు విరుద్ధం. పోసేటప్పుడు గేర్ల మధ్య గాలి బుడగలు చిక్కుకుంటాయి. వాటిని పైకి రానిచ్చి, తగ్గినంత మేరకు మళ్లీ పోసి, అప్పుడు మూత బిగించాలి.

పనిముట్ల విషయంలో పిసినారితనం పనికిరాదు. ఈ బండ్లలో దాదాపు అన్నీ ఆరు పలకల గుంట ఉన్న స్క్రూలే. ఒకటిన్నర, రెండు, రెండున్నర మిల్లీమీటర్ల డ్రైవర్లు మూడు కావాలి. కిట్టుతో ఉచితంగా వచ్చే ఎల్ కీతో పని కానిస్తే నాలుగో రోజుకు స్క్రూ తల గుండ్రంగా అరిగిపోతుంది. ఇక దాన్ని పీకడం వేరే పని. లోహం లోహంలోకి దిగే చోట మర మీద ఒక చుక్క థ్రెడ్‌లాక్ అనే జిగురు వేయాలి, లేకపోతే అదురుకు ఊడి వస్తుంది. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూకు థ్రెడ్‌లాక్ అక్కర్లేదు, పైగా కొన్ని రకాల ప్లాస్టిక్ దానికి పెళుసెక్కుతుంది. ప్లాస్టిక్‌లో స్క్రూ తల ఆనగానే ఆపేయాలి. ఇంకొక్క చుట్టు అనుకున్నారా, మర పోయినట్టే.

పందెగాళ్ల శ్రద్ధ ఎక్కడ తెలుస్తుందంటే టర్న్‌బకిళ్ల దగ్గర. చక్రాల వాలును సరిచేసే చిన్న ఉక్కు కడ్డీలవి. ఒక చివర మామూలు మర, ఇంకో చివర ఎడమ మర. మధ్యలో పానా పెట్టి తిప్పితే కడ్డీ విప్పకుండానే పొడవు పెరుగుతుంది, తగ్గుతుంది. ఎడమ మర ఉన్న వైపు చిన్న గాడి ఉంటుంది. బండి అంతటా గాడులన్నీ ఒకే దిక్కున ఉండేలా అమరిస్తే, పానా ఎటు తిప్పితే పొడవు పెరుగుతుందో ఎప్పుడూ ఆలోచించే పని ఉండదు. రెండు పరుగుల మధ్య ఉన్న కొద్ది నిమిషాల్లో చెమట తుడుచుకుంటూ పని చేసేవాడికి ఇది చాలా పెద్ద సాయం.

ఇక షాకులు. నిదానించాల్సిన చోటు ఇదే.

షాకు అంటే నూనె నింపిన గొట్టం, అందులో కిందికీ పైకీ ఆడే కడ్డీ, కడ్డీ చివర చిన్న బిళ్ల. ఆ బిళ్లకు రెండు మూడు రంధ్రాలుంటాయి. చక్రం గతుకెక్కితే బిళ్ల పైకి కదులుతుంది, నూనె ఆ రంధ్రాల గుండా కిందికి పోవాలి. ఎంత సులువుగా పోతుందన్నదే బండి నడక. వాడే నూనె సిలికాన్‌దే. 30 నంబరు నూనె కొన్ని కంపెనీల లెక్కలో సుమారు 350 సెంటీస్టోకులు, అంటే కొబ్బరి నూనెకన్నా బాగా చిక్కన, ఆముదంకన్నా పలచన. సాధారణంగా ముందు షాకుల్లో కొంచెం చిక్కటిదీ, వెనక షాకుల్లో కొంచెం పలచటిదీ పోసి మొదలుపెడతారు.

చిక్కటి నూనె, పెద్ద రంధ్రాలు ఒక జత. పలచటి నూనె, చిన్న రంధ్రాలు ఇంకో జత. బల్ల మీద పెట్టి చేత్తో నెమ్మదిగా నొక్కి చూస్తే రెండూ ఒక్కలాగే అనిపిస్తాయి. ట్రాకు మీద మాత్రం రెండూ వేర్వేరు బండ్లు. ఎత్తు నుంచి దిగినప్పుడు బిళ్ల చాలా వేగంగా కదులుతుంది. చిన్న రంధ్రాల గుండా అంత నూనె ఒక్కసారిగా పోలేక అడ్డుకుంటుంది, షాకు ఆ క్షణానికి గట్టిపడుతుంది. పందెగాళ్లు దీన్ని ప్యాక్ అంటారు. పెద్ద దూకుళ్లున్న ట్రాకుకు అది మేలు, ఛాసీ నేలకు కొట్టుకోదు. అదే షాకు గతుకుల మీద మాత్రం చక్రాన్ని నేలకు అంటనివ్వదు, బండి ఎగిరెగిరి పడుతుంది. కాబట్టి ట్రాకులో గతుకులు ఎక్కువా దూకుళ్లు ఎక్కువా అని ముందు చూసుకుని, తర్వాత బిళ్ల ఎంచుకోవాలి. ఎవరో చాంపియన్ వాడిన సెటప్ కాగితాన్ని యథాతథంగా దించేస్తే సరిపోకపోవడం వింతేమీ కాదు. ఆయన ట్రాకు వేరు.

గాలి తీయడం ఓపిక పని. గొట్టం నిండా నూనె పోసి, కడ్డీని మెల్లగా కిందికీ పైకీ ఆడించి, బుడగలన్నీ పైకి వచ్చేదాకా ఆగాలి. ఎడమ షాకు, కుడి షాకు ఒకే పొడవు ఉండాలి, నొక్కి వదిలితే ఒకేలా తిరిగి రావాలి. అక్కడ తేడా ఉంటే బండి ఒక వైపు మలుపులు బాగా తిరిగి, ఇంకో వైపు మలుపుల్లో గుణుస్తుంది. కారణం దొరక్క యజమాని ఊళ్లో ఉన్న స్పేర్ పార్టులన్నీ మారుస్తాడు.

మన ఎండలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. సిలికాన్ నూనె ఖనిజ తైలాలంతగా కాకపోయినా వేడికి పలచబడుతుంది. చలి దేశంలో రాసిన మాన్యువల్‌లో 30 నంబరు అని ఉంటే, మేలో హైదరాబాదులోనో విజయవాడలోనో 42 డిగ్రీల ఎండలో 35 నంబరు పోసుకోవడం తెలివైన పని.

ఇక గేర్ల సంగతి. మోటారు పళ్ల చక్రాన్ని పెద్ద గేరుకు ఆనించేటప్పుడు మధ్యలో పలచటి కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత కాగితం లాగేస్తారు. మిగిలే సందు సరిపోతుంది. గేరు నిష్పత్తి లెక్క కూడా తేలికే. పెద్ద గేరుకు 78 పళ్లు, మోటారు గేరుకు 24 పళ్లు, గేరుబాక్సు లోపలి నిష్పత్తి 2.6 అనుకుంటే, చక్రం ఒక్క చుట్టు తిరగడానికి మోటారు 8.45 చుట్లు తిరగాలి. మోటారు గేరులో ఒక్క పన్ను తగ్గిస్తే అది 8.8 అవుతుంది: చివరి వేగం కాస్త తగ్గి, మోటారు చల్లబడుతుంది. పరుగు అయ్యాక మోటారు వేడి 70 డిగ్రీలు దాటిందంటే ఒక పన్ను తగ్గించే ఆలోచన చేయాలి.

రేడియో శ్రోతలకు రేడియో సంగతి చెప్పకపోతే బాగోదు. ఒకప్పుడు ఈ కార్లు 27 మెగాహెర్ట్జ్ బ్యాండులో నడిచేవి. అందులో వాడుకలో ఉన్నవి ఆరు చానళ్లు, ఒక్కోదానికి ఒక్కో రంగు. ట్రాన్స్‌మిటర్‌లో, కారులో జత క్రిస్టళ్లు పెట్టుకోవాలి. ఒకే చానల్ మీద ఇద్దరు మీట నొక్కితే ఒకరి బండి ఇంకొకరి మాట విని గోడకు గుద్దుకునేది. అందుకే క్లబ్బుల్లో ఒక బోర్డు ఉండేది. దాని మీద తమ చానల్ క్లిప్పు ఉన్నవాళ్లే ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయాలి. ఇప్పుడు అంతా 2.4 గిగాహెర్ట్జ్. ట్రాన్స్‌మిటర్‌కూ రిసీవర్‌కూ ఒకసారి జత కుదిరితే, తరంగం బ్యాండులో చోటు మారుతున్నా రెండూ కలిసే మారతాయి, పక్కవాడి మాట వినవు. మన దేశంలో తక్కువ శక్తితో ఈ బ్యాండు వాడుకోవడానికి 2005 జనవరి నుంచి లైసెన్సు అక్కర్లేదు. క్రమం ఒక్కటి మాత్రం పాత రోజుల్లో ఎలా ఉందో అలాగే ఉంది: ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్, తర్వాత కారు. ఆపేటప్పుడు ముందు కారు, తర్వాత ట్రాన్స్‌మిటర్. సిగ్నల్ తెగితే బండి ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టుకోవాలి.

బాడీ గురించి రెండు మాటలు చాలు. అది పారదర్శకమైన పాలికార్బనేట్ రేకు. రంగు లోపలి వైపు వేస్తారు, అప్పుడు బోర్లా పడినా గీతలు రంగుకు అంటవు. లోపల వేస్తాం కనుక సన్నటి గీతలూ అక్షరాలూ ముందు, పెద్ద రంగు చివర.

ఇప్పుడు టైర్లు. వదులు మట్టి మీద పొడుగాటి గుబ్బలున్న టైరు కావాలి, అది మట్టిలోకి దిగి పట్టుకుంటుంది. తడిపి దట్టించిన బంకమట్టి ట్రాకు మీద గుబ్బలే లేని నున్నటి టైరు గెలుస్తుంది. ఐరోపాలో, ముఖ్యంగా బ్రిటన్‌లో, కృత్రిమ గడ్డి ట్రాకులు, కార్పెట్ ట్రాకులు చాలా ఉన్నాయి. వాటికి చిన్న చిన్న ముళ్ల టైర్లు. అమెరికాలో కొన్నిచోట్ల పట్టు కోసం బంకమట్టి మీద చక్కెర నీళ్లు కూడా చల్లుతారు. టైరు లోపల గాలి ఉండదు, స్పాంజి ఉంటుంది. ఆ స్పాంజి ఎంత గట్టిదన్నది కూడా ఎంపికే. టైరును రిమ్ముకు అంటించేది ఫెవిక్విక్ జాతి జిగురు. అంటించే ముందు అంచులు శుభ్రంగా తుడవకపోతే అచ్చు నూనె మిగిలి, సగం పందెంలో టైరు ఊడి వేలాడుతుంది. రబ్బరు ఎంత మెత్తనైతే పట్టు అంత ఎక్కువ, అరుగుదలా అంత ఎక్కువ. బండిలో లక్ష రూపాయల మోటారు ఉన్నా, టైరు జారుతుంటే ఆ శక్తంతా దుమ్ము లేపడానికే.

ట్రాకు మీదకు పోయే ముందు బండిని గ్రానైటు పలక మీదో అద్దం మీదో పెట్టాలి. బ్యాటరీ, బాడీ అన్నీ ఉండాలి. జానెడు ఎత్తు నుంచి ఒకసారి వదిలి, నేల నుంచి ఛాసీ అడుగు ఎంత ఎత్తులో ఆగిందో కొలవాలి. మట్టి మీద 22 నుంచి 24 మిల్లీమీటర్లు మంచి మొదలు, కార్పెట్ మీద ఇంకా కిందికి. చక్రాలు పైభాగంలో ఒక డిగ్రీ లోపలికి వాలి ఉండాలి. వెనక చక్రాల ముక్కులు మూడు డిగ్రీలు లోపలికి చూడాలి. అది ఉంటేనే వేగం పెంచే మీట, అంటే గ్యాస్, నొక్కినప్పుడు తోక కుదురుగా ఉంటుంది. ఈ అంకెల దగ్గర మొదలుపెడితే మరీ తప్పిపోరు.

ఆ తర్వాత బండి ఏం చెబుతుందో వినాలి. స్టీరింగు తిప్పినా ముక్కు తిన్నగానే తోసుకుపోతోందా? బ్యాటరీని కాస్త ముందుకు జరిపి చూడాలి. గ్యాస్ నొక్కగానే తోక తిరుగుతోందా? బ్యాటరీ వెనక్కి, లేదా వెనక స్ప్రింగు మెత్తనిది. బరువు ఎక్కడ ఉండాలన్నదాన్ని కంపెనీలు కూడా తేల్చలేక చాలాకాలం కొట్టుకున్నాయి. ఆర్‌సీ10 నుంచి మొదలుకొని దశాబ్దాల పాటు టూ వీల్ డ్రైవ్ బండ్లలో మోటారు వెనక ఇరుసుకు ఆవల వేలాడేది. దుమ్ము రేగే జారుడు ట్రాకులకు ఆ బరువే పట్టు. ట్రాకుల పట్టు పెరిగేకొద్దీ మోటారు ఇరుసుకు ముందుకు జరిగింది. 2013లో టీమ్ అసోసియేటెడ్ బి5 పేరుతో వెనక మోటారు బండినీ, బి5ఎం పేరుతో మధ్య మోటారు బండినీ పక్కపక్కన పెట్టి అమ్మింది. ఏది కావాలో ట్రాకును చూసుకుని కొనుక్కోమని దాని అర్థం.

ఏ మార్పు చేసినా ఒకసారికి ఒక్కటే. నూనె మార్చి, స్ప్రింగు మార్చి, టైరు కూడా మార్చి, బండి బాగుపడిందంటే దేనివల్ల బాగుపడిందో ఎవరికి తెలుసు? పిట్టు బల్ల మీద ఖరీదైన పనిముట్లకన్నా ఒక పాత నోటు పుస్తకం ఎక్కువ పనికొస్తుంది. తేదీ, ట్రాకు తడా పొడా, ఏం మార్చారు, ల్యాపు ఎన్ని సెకన్లు. అంతే.

గాల్లో ఉన్న కారును కూడా నడపవచ్చంటే నమ్మబుద్ధి కాదు. దూకినప్పుడు ముక్కు కిందికి వాలిపోతుంటే, గ్యాస్ నొక్కాలి. చక్రాలు వేగంగా ముందుకు తిరిగేసరికి బండి శరీరం దానికి ఎదురు తిరిగి, ముక్కు లేస్తుంది. ముక్కు మరీ లేస్తే బ్రేకు నొక్కాలి, దిగుతుంది. న్యూటన్ మూడో సూత్రం తరగతి గదిలో బుర్రకెక్కని పిల్లలకు దీన్ని ఒక్కసారి చూపిస్తే చాలు.

పందెం మామూలుగా అయిదు నిమిషాలు. ట్రాకు మీద పది బండ్ల దాకా ఉంటాయి. ప్రతి దానిలో ట్రాన్స్‌పాండర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది, గీత దాటగానే నేల కింద ఉన్న తీగ చుట్ట దాన్ని గుర్తుపట్టి సెకనులో వెయ్యో వంతు దాకా లెక్క రాస్తుంది. ముందు అర్హత పరుగులు, వాటిని బట్టి ఎ మెయిన్, బి మెయిన్ అనే ఫైనళ్లు. ప్రపంచ పోటీల్లో ఎ మెయిన్ మూడుసార్లు నడిపి, మంచి రెండింటిని లెక్కలోకి తీసుకుంటారు. చక్కటి ఆచారం ఒకటుంది. తన పందెం అయిపోయినవాడు వెంటనే ట్రాకులోకి దిగి, తర్వాతి పందెంలో బోల్తా పడ్డ బండ్లను ఎత్తి పెట్టాలి. ప్రపంచ చాంపియన్ అయినా సరే.

బ్యాటరీ విషయం ఒక్కటి నవ్వులాట కాదు. వాడేది రెండు సెల్లుల లిథియం పాలిమర్, 7.4 వోల్టులు, నిండితే 8.4. సెల్లు మూడు వోల్టుల కిందికి పోకూడదు. అయిదు వేల మిల్లీ యాంపియర్ గంటల బ్యాటరీని అయిదు యాంపియర్లతో చార్జి చేయాలి, నిప్పుకు తట్టుకునే సంచిలో పెట్టి, పక్కనే మనిషి ఉండగా. వారం రోజులు వాడకపోతే సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచాలి, నిండుగా కాదు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో అసలు వదలకూడదు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జి చేసే ప్రయోగాలు వద్దు.

మన దగ్గర ఇంజినీరింగ్ కాలేజీల టెక్ ఫెస్టుల్లో రిమోట్ కార్ల పోటీలు జరుగుతుంటాయి, ఆ కుర్రాళ్లకు ఈ సెటప్ విద్య వెంటనే పనికొస్తుంది. పందెపు కిట్లు మాత్రం ఎక్కువగా దిగుమతి సరుకే, కస్టమ్స్ సుంకం కలిస్తే ధర పెరుగుతుంది. అమెరికా నుంచి చుట్టాలెవరైనా తెస్తామంటే కిట్టును చెక్-ఇన్ పెట్టెలో పెట్టుకోమనండి, విడి బ్యాటరీని మాత్రం చేతి సంచిలోనే తెమ్మనండి. విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో అనుమతించరు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు టూ వీల్ డ్రైవ్ కిట్టు, 17.5 టర్న్ మోటారు తీసుకుంటే చాలు. మోటారులో తీగ చుట్లు, అంటే టర్నులు, ఎక్కువైతే వేగం తక్కువ, నేర్చుకునేవాడికి అదే మేలు. వాడిన కారు కొన్నా నష్టం లేదు, కాని ఆ మోడల్‌కు విడిభాగాలు ఇంకా వస్తున్నాయో లేదో ముందు కనుక్కోండి. ఈ బండ్లలో తరచుగా విరిగేది ముందు సస్పెన్షన్ ఆర్మ్. కిట్టుతోపాటే కుడికొకటి, ఎడమకొకటి అదనంగా కొని పెట్టుకోండి.